తప్పుడు అలారం ఖర్చు ఎవరిది? అమెరికా నగరాల నిబంధనల వెనక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: అమెరికాలో ఇళ్లు, దుకాణాల్లోని దొంగతనాల అలారాల నుంచి పోలీసులకు అందే కాల్స్‌లో నూటికి తొంభైకి పైగా ఉత్తవే. వీటిని తగ్గించడానికి నగరాలు, కౌంటీలు పర్మిట్లు, జరిమానాలు, ముందస్తు ధ్రువీకరణ వంటి పద్ధతులను ప్రయత్నించాయి. పైకి ఎన్ని రకాలుగా కనిపించినా, అలారం మోగినప్పుడు మొట్టమొదట వెళ్లి చూసే పని ఎవరు చేయాలి, ఎవరి ఖర్చుతో చేయాలి అన్న ప్రశ్న దగ్గరే ఈ నిబంధనలు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి.

సమస్య ఎంత పెద్దది

తప్పుడు అలారాల విషయమై అమెరికా న్యాయశాఖలోని కమ్యూనిటీ పోలీసింగ్ విభాగం పోలీసు శాఖల కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని ప్రచురించింది. అందులోని అంచనా ప్రకారం 2002లో దేశవ్యాప్తంగా పోలీసులు దాదాపు 3.6 కోట్ల అలారం కాల్స్‌కు స్పందించారు. అందుకు అయిన ఖర్చు ఆ ఏడాది సుమారు 180 కోట్ల డాలర్లు. ఆ కాల్స్‌లో 94 నుంచి 98 శాతం తప్పుడువని తేలింది. ఒక్కో కాల్‌కు దాదాపు 20 నిమిషాల సమయం, సాధారణంగా ఇద్దరు అధికారులు అవసరమవుతారు. పోలీసులకు వచ్చే మొత్తం కాల్స్‌లో అలారాల వాటా ప్రాంతాన్ని బట్టి 10 నుంచి 25 శాతం దాకా ఉంటుందని కూడా ఆ మార్గదర్శి పేర్కొంది.

ఈ అంకెలు పాతవే అయినా నిష్పత్తి పెద్దగా మారినట్టు లేదు. సియాటిల్ పోలీసు శాఖ 2024లో వెల్లడించిన వివరాల ప్రకారం అంతకు ముందు సంవత్సరం ఆ నగరంలో అందిన సుమారు 13 వేల అలారం కాల్స్‌లో నిజంగా నేరం జరిగినట్టు నిర్ధారణ అయినవి 4 శాతం కంటే తక్కువ.

అయితే ఈ శాతాలను చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. పోలీసులు వెళ్లి చూసేసరికి నేరం ఆనవాలు కనబడని ప్రతి కాల్ తప్పుడు కాల్ ఖాతాలోనే పడుతుంది. సైరన్ విని తాళం ముట్టకుండానే పారిపోయిన దొంగ ఉంటే అతని సంగతి కూడా అందులోనే కలిసిపోతుంది. అలారం పరిశ్రమ తరచూ ఎత్తిచూపే ఈ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కానీ అలాంటి సందర్భాలను ఎంత ఉదారంగా లెక్కగట్టినా తప్పుడు కాల్స్ వాటా తొంభై నుంచి యాభైకి దిగివస్తుందని నమ్మడం కష్టం.

సెన్సర్ నుంచి పోలీసు కారు దాకా

సమస్య ఎక్కడ పుడుతోందో తెలియాలంటే ఒక కాల్ ప్రయాణాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడాలి. తలుపు చట్రంలో చిన్న స్విచ్, తలుపు రెక్కకు చిన్న అయస్కాంతం ఉంటాయి. రెక్క తెరుచుకుని అయస్కాంతం దూరమైతే స్విచ్ స్థితి మారుతుంది, ఆ సంగతి కంట్రోల్ ప్యానెల్‌కు చేరుతుంది. గదిలో ఉండే మోషన్ సెన్సర్ తన ఎదుట వేడి వస్తువు ఏదైనా కదిలితే పసిగడుతుంది. ఇంటి యజమానే లోపలికి వచ్చి ఉండవచ్చు కాబట్టి, కోడ్ నొక్కడానికి ప్యానెల్ కొద్ది సెకన్ల గడువు ఇస్తుంది. ఆ గడువు దాటితే సైరన్ మోగుతుంది. నెలవారీ చందా తీసుకుని అలారాన్ని గమనించే కంపెనీ మానిటరింగ్ సెంటర్‌కు సంకేతం వెళుతుంది. ఆ సెంటర్ చాలా సందర్భాల్లో వేరే రాష్ట్రంలో ఉంటుంది. అక్కడి ఆపరేటర్ ఇంటికి ఫోన్ చేస్తారు. ఎవరూ ఎత్తకపోయినా, ఎత్తినవారు పాస్‌వర్డ్ చెప్పలేకపోయినా కాల్స్ అందుకుని కార్లను పంపే పోలీసు డిస్పాచర్‌కు కబురు అందుతుంది. కారు బయలుదేరుతుంది. వచ్చిన అధికారులు ఇంటి చుట్టూ తిరిగి తలుపులు, కిటికీలు లాగి చూస్తారు, ఏమీ కనిపించకపోతే తలుపుకు ఒక నోటీసు తగిలించి వెళ్లిపోతారు.

ఈ గొలుసులో ప్రతి దశకూ ఒక ఖర్చు ఉంది, కానీ ఆ ఖర్చు ఒకరిదే కాదు. నెలనెలా చందా కంపెనీకి అందుతుంది, కారు, అధికారుల జీతం మాత్రం పన్నుల నుంచి వస్తుంది. ఆపరేటర్ వైపు నుంచి ఆలోచిస్తే సంకేతాన్ని పోలీసులకు చేరవేయడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. చేరవేయకుండా ఆపిన రోజున నిజంగా దొంగతనం జరిగితే కస్టమర్ ఫిర్యాదు, బహుశా దావా, కంపెనీ మెడకు చుట్టుకుంటాయి. అనుమానం వచ్చిన ప్రతిసారీ పోలీసులకే అప్పజెప్పడం ఈ పరిస్థితిలో కంపెనీకి అన్ని విధాలా క్షేమం. ఎవరి నిర్లక్ష్యమూ లేకుండానే, ప్రోత్సాహకాలు అలా అమరినందువల్లే, అనవసరమైన కాల్స్ పోగవుతాయి.

దీని పర్యవసానం డబ్బుతో ఆగదు. నూటికి తొంభై అయిదు ఉత్తవని తెలిసిన కాల్స్‌ను డిస్పాచర్లు సహజంగానే వరుసలో వెనక్కి నెడతారు. పోలీసులు ఆలస్యంగా చేరుకుంటారు, కొద్ది నిమిషాల్లో పని ముగించుకునే దొంగ అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు. ‘నాన్నా పులి’ కథలో అబద్ధపు కేకలు వేసిన పిల్లవాడే చివరికి నష్టపోతాడు. ఇక్కడ మాత్రం ఏడాది పొడవునా ఒక్కసారి కూడా ఊరికే మోగించని ఇల్లు, పదేపదే మోగించిన పక్క దుకాణం కారణంగా ఆలస్యపు స్పందనను భరించాల్సి వస్తుంది.

ఊరికే ఎందుకు మోగుతాయి

కారణాల్లో ఎక్కువ భాగం మనుషులవే. కోడ్ మరిచిపోవడం, తప్పు అంకె నొక్కడం, తాళంచెవి ఇచ్చిన బంధువుకో పనివారికో కోడ్ సంగతి చెప్పకపోవడం, బయటికి వెళ్తూ తలుపు పూర్తిగా మూయకపోవడం అన్నిటికంటే మామూలు కారణాలు. గాలికి కొట్టుకునే వదులు తలుపులు, పెంపుడు జంతువులు, వేడి గాలి వచ్చే గొట్టానికి ఎదురుగా బిగించిన మోషన్ సెన్సర్లు, దుకాణంలో పైకప్పు నుంచి వేలాడే ప్రచార తోరణాలు, అయిపోవచ్చిన బ్యాటరీలు ఆ తర్వాత వస్తాయి. పైగా ఈ తప్పులు అన్ని చోట్లా సమానంగా జరగవు. కొద్దిపాటి చిరునామాల నుంచే పెద్ద సంఖ్యలో కాల్స్ రావడం చాలా నగరాలకు అనుభవమే.

మనుషుల పొరపాటును పరికరంలోనే కొంత అరికట్టవచ్చు. అమెరికా భద్రతా పరిశ్రమ సంఘం కంట్రోల్ ప్యానెళ్ల కోసం రూపొందించిన సీపీ-01 ప్రమాణం ఉద్దేశం అదే. దాని ప్రకారం బయటికి వెళ్లడానికి కనీసం 45 సెకన్ల గడువు, లోపలికి వచ్చి కోడ్ నొక్కడానికి కనీసం 30 సెకన్ల గడువు ఉండాలి. సైరన్ మోగిన తర్వాత కూడా సంకేతాన్ని బయటికి పంపకుండా ప్యానెల్ 15 నుంచి 45 సెకన్ల దాకా ఆగుతుంది. ఆలోపు కోడ్ నొక్కితే సంకేతం మానిటరింగ్ సెంటర్‌కు వెళ్లదు. ఏదో మరిచిపోయి వెంటనే వెనక్కి వచ్చినవారి కోసం బయటికి వెళ్లే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. పాడైన ఒకే సెన్సర్ పదేపదే సంకేతం ఇస్తుంటే ప్యానెల్ దాన్ని తాత్కాలికంగా పట్టించుకోదు. ఇవన్నీ చిన్న మార్పులే, కానీ కారు బయలుదేరకముందే పనిచేసే మార్పులు. అందుకే కొత్తగా బిగించే ప్యానెళ్లు ఈ ప్రమాణానికి లోబడి ఉండాలని పలు స్థానిక శాసనాలు కోరుతున్నాయి.

రెండు ఫోన్ల నిబంధన కూడా ఇదే కోవకు చెందుతుంది. పోలీసులకు చెప్పేముందు మానిటరింగ్ సెంటర్ ఒక నంబర్‌కే కాక రెండో నంబర్‌కు కూడా ఫోన్ చేసి తీరాలి. ఫ్లోరిడా దీన్ని రాష్ట్ర చట్టంలోనే చేర్చింది. ఇంటి ఫోన్ ఎవరూ ఎత్తకపోయినా యజమాని మొబైల్‌లో దొరికే అవకాశం ఎక్కువ. తప్పు నొక్కింది తానో తన పిల్లలో అయితే ఆ సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.

పర్మిట్లు, జరిమానాలు

ఎక్కువ నగరాలు ఎంచుకున్న దారి ఇది. అలారం పెట్టుకున్నవారు నగరంలో నమోదు చేయించుకుని పర్మిట్ తీసుకోవాలి, అత్యవసరంగా సంప్రదించాల్సిన వారి వివరాలు ఇవ్వాలి. ఏడాదిలో ఒకటో రెండో మూడో తప్పుడు కాల్స్‌ను మన్నిస్తారు. ఆ తర్వాత ప్రతి కాల్‌కు జరిమానా పెరుగుతూ పోతుంది. మరీ మితిమీరితే పర్మిట్ రద్దు చేస్తారు లేదా స్పందన నిలిపివేస్తారు.

పదేపదే ఊరికే మోగించే చిరునామాల మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. కానీ దీనికి ఒక పరిమితి ఉంది, దాన్ని కూడికతోనే చూడవచ్చు. ఒక నగరంలో 10,000 అలారాలు ఉన్నాయని, ఒక్కొక్కటి ఏడాదికి ఒక్కసారే ఊరికే మోగిందని అనుకుందాం. పోలీసులు 10,000 సార్లు వెళ్లి రావాలి. నగరానికి జరిమానాగా అందేది సున్నా. ఎవరూ అతిగా ప్రవర్తించలేదు, నిబంధన ఎవరూ అతిక్రమించలేదు, అయినా అంతమంది అధికారుల సమయం వృథా అయింది. మన్నింపు ఎంత ఉదారంగా ఉంటే ఈ రంధ్రం అంత పెద్దదవుతుంది.

వసూళ్ల విషయంలో మరో చిక్కు వస్తుంది. నమోదు చేయించుకోని అలారాలను గుర్తించడం, బిల్లులు పంపడం, అప్పీళ్లు వినడం చిన్న పోలీసు శాఖలకు భారం కావడంతో ఆ పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించే నగరాలు ఉన్నాయి. వసూలైన మొత్తంలో వాటా తీసుకునే సంస్థకు జరిమానాలు తగ్గడం లాభదాయకం కాదు. తప్పుడు కాల్స్ తగ్గించడం లక్ష్యమైనప్పుడు, వాటిపై వచ్చే ఆదాయాన్ని బడ్జెట్‌లో ముందే లెక్కగట్టుకున్న నగరం కూడా కొంతవరకు అదే ఇరకాటంలో పడుతుంది.

ఈ ఆదాయపు ఆశను రాష్ట్రాలు గుర్తించకపోలేదు. టెక్సస్‌లో పెద్ద నగరాలకు వర్తించే రాష్ట్ర చట్టం ఇంటి అలారం పర్మిట్ రుసుము ఏడాదికి 50 డాలర్లు, ఇతర భవనాలకు 250 డాలర్లు మించరాదని పరిమితి పెట్టింది. గత 12 నెలల్లో కనీసం మూడు తప్పుడు అలారాలు వచ్చి ఉంటేనే తర్వాతి దానికి జరిమానా వేయవచ్చు. అది 50 డాలర్లతో మొదలై సంఖ్యను బట్టి 75, 100 డాలర్లకు పెరుగుతుంది. అన్నిటికంటే గమనించదగ్గ షరతు మరొకటుంది. కబురు అందిన 30 నిమిషాల్లోపు అధికారులు చేరుకుని, భవనాన్ని చూసి నిర్ధారిస్తేనే దాన్ని తప్పుడు అలారంగా పరిగణించాలి. జరిమానా అడిగే హక్కు కావాలంటే నగరం ముందు తన సేవను సకాలంలో అందించాలన్నమాట. గంట ఆలస్యంగా వచ్చి, దొంగ జాడ లేదు కాబట్టి అలారం ఉత్తదేనని తేల్చడం న్యాయం కాదు కదా.

ధ్రువీకరణ ఉంటేనే పోలీసులు

జరిమానాల పద్ధతి మొదటి రాకపోకల ఖర్చును పోలీసుల ఖాతాలోనే ఉంచి, తర్వాత కొంత వసూలు చేస్తుంది. ధ్రువీకరణ పద్ధతి ఆ మొదటి రాకపోకలనే పోలీసుల నుంచి తప్పిస్తుంది. సెన్సర్ మోగిందన్న కబురు ఒక్కటే సరిపోదు. కెమెరా దృశ్యమో, లోపలి శబ్దమో, అక్కడున్న మనిషి మాటో, ప్రైవేటు సెక్యూరిటీ గార్డు వెళ్లి చూసి చెప్పిన సమాచారమో ఉంటేనే కారు బయలుదేరుతుంది. ప్రాణాపాయంలో నొక్కే పానిక్ బటన్లకు, దోపిడీ అలారాలకు సాధారణంగా ఈ షరతు వర్తించదు.

లాస్ వేగస్ ఈ దారిని 1991లోనే పట్టింది. ఎక్కువగా చర్చకు వచ్చింది సాల్ట్ లేక్ సిటీ. అక్కడ అలారం కాల్స్‌లో 99 శాతానికి పైగా ఉత్తవని తేలడంతో 2000 డిసెంబరు నుంచి ధ్రువీకరణను తప్పనిసరి చేశారు. పోలీసులు వెళ్లాల్సిన అలారం కాల్స్ దాదాపు 90 శాతం తగ్గాయి. మిల్వాకీ 2004లో, శాన్ హోసే 2012లో అదే బాట పట్టాయి. కెనడాలోని టొరంటో పోలీసులు 2018 సెప్టెంబరు నుంచి, సియాటిల్ పోలీసులు 2024 అక్టోబరు నుంచి ఇలాంటి నిబంధనలే అమలు చేస్తున్నారు.

అన్ని చోట్లా ఇది నిలబడలేదు. లాస్ ఏంజెలెస్‌లో 2003లో పోలీసు కమిషన్ పూర్తి ధ్రువీకరణ వైపు మొగ్గు చూపగా నగర కౌన్సిల్ నుంచి, ఇళ్ల యజమానుల నుంచి వ్యతిరేకత వచ్చింది. చివరికి ఏడాదిలో రెండు తప్పుడు అలారాల దాకా మామూలుగా స్పందించి, ఆపైన మాత్రమే ధ్రువీకరణ కోరే మధ్యేమార్గం కుదిరింది. డాలస్ 2006లో వ్యాపార సంస్థలకు ఈ నిబంధన పెట్టి, వ్యాపారుల ఒత్తిడితో తర్వాత వెనక్కి తీసుకుంది.

సాల్ట్ లేక్ సిటీ అంకెను అర్థం చేసుకోవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అక్కడ 90 శాతం తగ్గింది పోలీసులకు చేరిన కాల్స్. సెన్సర్లు ఊరికే మోగడం అంతగా తగ్గిందని ఆ అంకె చెప్పదు. తలుపు గాలికి మునుపటిలాగే కొట్టుకుని ఉంటుంది. వెళ్లి చూసింది మాత్రం కంపెనీ పంపిన గార్డు, ఖర్చు భరించింది అలారం యజమాని. నగరం దృష్టిలో ఇది విజయమే, ఎందుకంటే అధికారులు మిగతా అత్యవసర కాల్స్‌కు అందుబాటులోకి వచ్చారు. అలారం యజమాని దృష్టిలో ఇది అదనపు చందా.

ఇందులో న్యాయాన్యాయాల చర్చ రెండు వైపులా బలంగానే ఉంది. అలారం పెట్టుకునే స్తోమత లేని అద్దె ఇళ్ల వారు సైతం పన్నుల ద్వారా ఇతరుల అలారాలకు కాపలా ఖర్చు ఎందుకు భరించాలన్నది సమర్థకుల వాదన. అలారం యజమానులూ పన్ను కడుతున్నారని, గార్డు చేరుకోవడం పోలీసుల కంటే ఆలస్యమైతే దొంగలకే లాభమని, ఆయుధం లేని గార్డును ముందు పంపడం ప్రమాదమని వ్యతిరేకుల వాదన. ధ్రువీకరణ వల్ల దొంగతనాలు పెరిగాయా తగ్గాయా అన్న విషయంలో ఇరుపక్షాలూ తమకు అనువైన సంవత్సరాల అంకెలు చూపుతాయి. దొంగతనాల సంఖ్య ఉపాధి మొదలు పోలీసు సిబ్బంది సంఖ్య దాకా ఎన్నో అంశాలతో మారుతుంది కాబట్టి, ఒక్క నిబంధనకు దాన్ని ముడిపెట్టడం ఏ పక్షం చేసినా తొందరపాటే.

కంపెనీకే జరిమానా వేస్తే

జార్జియా రాష్ట్రంలో అట్లాంటా శివారు నగరమైన శాండీ స్ప్రింగ్స్ మూడో దారి ఎంచుకుంది. తప్పుడు అలారానికి ఇంటి యజమానికి కాకుండా పోలీసులకు కాల్ చేసిన అలారం కంపెనీకే జరిమానా వేసింది. కస్టమర్ల పొరపాటుకు తమను శిక్షించడం రాజ్యాంగ విరుద్ధమంటూ జార్జియాలోని అలారం పరిశ్రమ సంఘం, కంపెనీలు 2018లో ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి. జిల్లా కోర్టు దావాను కొట్టేసింది. 2020లో పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును సమర్థించింది, 2021లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఇలాంటి ఆర్థిక నియంత్రణకు న్యాయసమ్మతమైన ప్రజాప్రయోజనంతో హేతుబద్ధ సంబంధం ఉంటే చాలునన్నది కోర్టులు వర్తింపజేసిన కొలమానం.

ఆ తీర్పు ప్రాధాన్యం జరిమానా సొమ్ము కంటే పెద్దది. ఉత్తగా మోగిన సంకేతాన్ని చేరవేసినందుకు కంపెనీకి ఖర్చు అవుతుందంటే, ఆపరేటర్ విషయంలో పైన వివరించిన లెక్క తలకిందులవుతుంది. రెండో నంబర్‌కు ఫోన్ చేయడం, పాడైన సెన్సర్ మార్చడం, తరచూ మోగించే కస్టమర్‌కు శిక్షణ ఇవ్వడం అప్పుడు కంపెనీకే గిట్టుబాటు అవుతాయి. ఆ ఖర్చు చివరికి చందాల రూపంలో కస్టమర్లకే చేరవచ్చు, కానీ దాన్ని ఎవరికి ఎంత పంచాలో లెక్క చూసుకునేది కంపెనీ, నగరం కాదు. శాండీ స్ప్రింగ్స్ సైతం దీనితో ఆగకుండా 2019లో ధ్రువీకరణ నిబంధనకు మారింది.

బ్రిటన్‌లో పని రెండు చేతుల్లో

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇదే సమస్యను రెండుగా విడగొట్టారు. పోలీసుల స్పందన జాతీయ పోలీసు చీఫ్‌ల మండలి విధానం ప్రకారం నడుస్తుంది. గుర్తింపు పొందిన సంస్థ బిగించిన అలారానికి పోలీసులు ప్రత్యేక సంఖ్య కేటాయిస్తారు. ఆ సంఖ్య ఉంటేనే సత్వర స్పందన. రెండు వేర్వేరు సెన్సర్లు మోగడం ద్వారా గానీ, దృశ్యం లేదా శబ్దం ద్వారా గానీ చొరబాటు ధ్రువపడాలి. 12 నెలల్లో మూడు తప్పుడు కాల్స్ వస్తే జరిమానా ఉండదు, స్పందననే ఉపసంహరించుకుంటారు. తిరిగి పొందాలంటే లోపం సరిచేసినట్టు చూపాలి.

స్థానిక కౌన్సిళ్ల పని చప్పుడుతోనే. 2005 నాటి పరిసరాల పరిశుభ్రత, పర్యావరణ చట్టం కింద కౌన్సిల్ కొన్ని ప్రాంతాలను ప్రకటిత ప్రాంతాలుగా గుర్తించవచ్చు. అక్కడ అలారం ఉన్నవారు తాళంచెవి దగ్గర ఉంచుకునే వ్యక్తిని నియమించి ఆ వివరాలు కౌన్సిల్‌కు ఇవ్వాలి, లేదంటే జరిమానా. అలారం ఆగకుండా 20 నిమిషాలకు మించి గానీ, ఆగి ఆగి గంటకు మించి గానీ మోగి చుట్టుపక్కల వారికి ఇబ్బంది కలిగిస్తే, కౌన్సిల్ అధికారి ఆవరణలోకి వెళ్లి దాన్ని ఆపించవచ్చు. బలప్రయోగం అవసరమైతే మాత్రం వారంట్ కావాలి.

కెమెరాలతో మారుతున్న లెక్క

ఇప్పుడున్న శాసనాల్లో చాలావరకు మధ్యలో ఒక కంపెనీ ఉంటుందన్న ఊహ మీద రాసినవి. సొంతంగా బిగించుకుని, కెమెరా దృశ్యాన్ని నేరుగా ఫోన్‌లో చూసుకునే పరికరాలు ఆ ఊహను బలహీనపరిచాయి. ఫోన్‌లో అపరిచితుణ్ని చూసి యజమాని అత్యవసర నంబర్ 911కు కాల్ చేస్తే అది అలారం కాల్ కాదు, ప్రత్యక్ష సాక్షి కాల్. పర్మిట్ నిబంధన దానికి అన్వయిస్తుందో లేదో చాలా చోట్ల స్పష్టత ఉండదు; జరిమానా పంపడానికి కంపెనీ ఉండదు. అదే సమయంలో ఉత్త సెన్సర్ సంకేతం కంటే ఆ కాల్‌లో ఎక్కువ సమాచారం ఉంటుంది. అయితే పార్సిల్ తెచ్చిన వ్యక్తిని, పక్కింటి కుర్రాణ్ని దొంగగా భావించే ప్రమాదం మాత్రం కొత్తది. అది అనవసరపు రాకపోకల కంటే ప్రమాదకరం కూడా.

పరిశ్రమ వైపు నుంచి దీనికి వచ్చిన జవాబు 2023లో వెలువడిన అలారం ధ్రువీకరణ స్కోరు ప్రమాణం. ప్రతి సంకేతానికి అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి మానిటరింగ్ సెంటర్ 0 నుంచి 4 దాకా ఒక స్థాయి కేటాయిస్తుంది. 0 అంటే పోలీసులను పిలవనవసరం లేదు. 1 అంటే సంకేతం ఉంది గానీ మరే సమాచారమూ లేదు. 2 అంటే అక్కడ మనిషి ఉన్నట్టు ఆధారం ఉంది. 3 అంటే ఆస్తికి, 4 అంటే ప్రాణానికి ముప్పు కనిపిస్తోంది. ఉంటే పూర్తి స్పందన, లేకుంటే ఏమీ లేదు అన్న పాత విభజనకు బదులు డిస్పాచర్ చేతికి ఒక వరుసక్రమం దొరుకుతుంది. ఏ స్థాయి నుంచి కారు పంపాలో మాత్రం ఈ స్కోరే తేల్చదు. తమ దగ్గర ఎంతమంది సిబ్బంది ఉన్నారో చూసుకుని ప్రతి పోలీసు శాఖ ఆ గీత గీసుకోవాలి, 1వ స్థాయి కాల్స్‌కు ఎవరు వెళ్లాలన్న ప్రశ్న మళ్లీ నగర కౌన్సిల్ బల్ల మీదికే వస్తుంది.